దూరపు నకలు ఎవరి చేతిలో ఉండాలి? చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ స్టోరేజ్ బ్యాకప్‌పై ఒక సమీక్ష

ఒక ఊళ్లో ప్రధాన కార్యాలయం, వేరే ఊళ్లలో ఒకటి రెండు శాఖలు పెట్టుకొని పది ఇరవై మందితో నడిచే ఆడిటర్ల కార్యాలయాలు, డయాగ్నస్టిక్ సెంటర్లు, ఆర్కిటెక్టుల సంస్థలు తమ ఫైళ్లను నాస్ అనే పెట్టెలో దాచుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. రెండు మొదలుకొని ఎనిమిది దాకా హార్డ్ డిస్కులు అమర్చి, ఆఫీసు నెట్‌వర్క్‌కు నేరుగా కలిపి, అందరి కంప్యూటర్లలోనూ ఉమ్మడి ఫోల్డర్లుగా కనిపించేలా చేసిన నిల్వ యంత్రాన్ని నాస్ అంటారు. ఆ పెట్టె దొంగల పాలైనా, నీట మునిగినా, అందులోని ఫైళ్లకు ఎవరో తాళం వేసి డబ్బు అడిగినా పని సాగాలంటే మరో చోట మరో నకలు ఉండాలన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. ఒక శాఖ నకలును ఇంకో శాఖలో ఉంచుకోవడం చౌకైన మార్గమన్నదీ పాత సలహాయే. ఆ నకలును ఏ పద్ధతిలో పంపాలి, ఎంత దూరంలో ఉంచాలి, దాన్ని చెరిపే అధికారం ఎవరికి ఇవ్వాలి అనే మూడు ప్రశ్నల దగ్గరే వాదాలు పెనవేసుకుపోయాయి. మొదటి ప్రశ్నపై రాసినంతగా మూడోదానిపై ఎవరూ రాయకపోవడం ఈ చర్చలోని పెద్ద లోపం.

టేపుల నుంచి తీగల దాకా

తొలి రోజుల్లో దూరపు నకలంటే మాగ్నెటిక్ టేపే. రాత్రి టేపు మీదికి ఎక్కించిన డేటాను పొద్దున ఎవరో ఒకరు ఇంటికో బ్యాంకు లాకరుకో తీసుకెళ్లేవారు. ఈ పద్ధతిలో క్రమశిక్షణ అంతా మనిషి మీదే ఆధారపడేది గాని, నెట్‌వర్క్‌తో సంబంధం లేని నకలు అప్రయత్నంగానే దక్కేది. తర్వాతి తరం పద్ధతులు ఈ సుగుణాన్ని పోగొట్టుకొని, దాన్ని తిరిగి సంపాదించడానికి చాలా శ్రమపడవలసి వచ్చింది.

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించిన రెయిడ్ విధానం, అంటే ఒకే యంత్రంలోని పలు డిస్కుల మీద డేటాను అదనపు సమాచారంతో పరిచి ఒక డిస్కు చెడినా పని ఆగకుండా చూసే ఏర్పాటు, చిన్న పెట్టెల దాకా దిగివచ్చాక ఒక అపోహను కూడా వెంట తెచ్చింది. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంది గనుక బ్యాకప్ ఉన్నట్టేనని నమ్మిన సంస్థలు ఎన్నో. రెయిడ్ డిస్కు వైఫల్యాన్ని తట్టుకుంటుంది. పొరపాటున చెరిపిన ఫైలును మాత్రం రెండు డిస్కుల మీదా ఒకే క్షణంలో చెరిపేస్తుంది.

ఊళ్ల మధ్య నకళ్లకు అసలైన మలుపు 1996లో వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ విడుదల చేసిన ఆర్‌సింక్ అనే ప్రోగ్రాములో, నకలు ఉన్న యంత్రం తన దగ్గరి ఫైలును ముక్కలుగా విడదీసి ప్రతి ముక్కకూ ఒక చిన్న గుర్తింపు సంఖ్యను లెక్కగట్టి పంపితే, అసలు ఫైలున్న యంత్రం వాటితో పోల్చి చూసుకొని మారిన భాగాలను మాత్రమే తిరిగి పంపుతుంది. నెమ్మదైన తీగల మీద కూడా రోజువారీ నకలు సాధ్యమైంది దీనితోనే. ఆఫీసు ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు అందించే సాంబా ప్రోగ్రామును మొదలుపెట్టింది కూడా ఈ ట్రిడ్జెలే కావడం వల్ల, నాస్ పెట్టెల్లో పంచుకునే భాగానికీ నకలు తీసే భాగానికీ మూలపురుషుడు ఒకరేనని చెప్పవచ్చు.

అద్దమూ చిట్టా

ఆ తర్వాతి పద్ధతులన్నీ రెండు సంప్రదాయాలుగా చీలాయి. మొదటిది అద్దం సంప్రదాయం. ఇక్కడ ఏముందో అక్కడా అదే ఉండాలి, వీలైతే ఆ క్షణానికే ఉండాలి అనేది దీని ఆదర్శం. విండోస్ సర్వర్లలోని డీఎఫ్ఎస్ రెప్లికేషన్, 2013లో వచ్చిన సింక్‌థింగ్, నాస్ తయారీదారులు ఇచ్చే ఉమ్మడి ఫోల్డర్ల సింక్ సదుపాయాలు ఈ కోవలోవి. రెండు శాఖల వారు ఒకే ఫైళ్ల మీద పనిచేయాల్సి వచ్చినప్పుడు ఇవి ఎంతో ఉపయోగపడతాయి. కాని అద్దంలో తప్పు కూడా ప్రతిఫలిస్తుంది గనుక, విజయవాడలో చెరిగిన ఫోల్డరు హైదరాబాదులోనూ చెరిగిపోతుంది. వీటిలో కొన్నిటికి పాత రూపాలను కొంతకాలం అట్టేపెట్టే సౌకర్యం ఉన్నా, దాన్ని విడిగా అమర్చుకుంటేనే పనిచేస్తుంది.

రెండోది చిట్టా సంప్రదాయం. ఏ తేదీన డేటా ఎలా ఉండేదో వరుసగా నమోదు చేసి, వాటిలో దేన్నైనా తిరిగి తీసుకునే వీలు కల్పించడం దీని లక్ష్యం. ఇందులోనూ రెండు పాయలున్నాయి. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో విడుదల చేసిన జెడ్ఎఫ్ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు, డేటా ఉన్నది ఉన్నట్టుగా ఒక క్షణపు స్థితిని స్థిరపరిచే స్నాప్‌షాట్లను తీసి, రెండు స్నాప్‌షాట్ల మధ్య తేడాను మాత్రమే దూరపు యంత్రానికి పంపుతాయి. తేడా ఎక్కడుందో ఫైల్ సిస్టమ్‌కే తెలుసు గనుక ఆర్‌సింక్ లాగా లక్షల ఫైళ్లను వెతకవలసిన పని ఉండదు; అయితే రెండు చోట్లా అదే ఫైల్ సిస్టమ్ ఉండాలి, సాధారణంగా అదే కంపెనీ పెట్టె ఉండాలి. బోర్గ్, రెస్టిక్ వంటి ప్రోగ్రాములది రెండో పాయ. ఇవి ఫైళ్లను వాటి లోపలి సమాచారాన్ని బట్టి ముక్కలు చేసి, ఒకసారి దాచిన ముక్కను మళ్లీ దాచకుండా, పంపేముందే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనివారికి అర్థం కాని రూపంలోకి మార్చి, ఏ రకం యంత్రం మీదనైనా ఉంచగలవు. ఈ ముక్కల ఆలోచనకు 2001 నాటి ఎల్‌బీఎఫ్ఎస్ అనే పరిశోధనా ఫైల్ సిస్టమ్‌లో ప్రసిద్ధమైన పూర్వరూపం కనిపిస్తుంది.

ఏ పాయను ఎంచుకున్నా ఒక ఇబ్బంది మిగిలే ఉంటుంది. ట్యాలీ వంటి అకౌంటింగ్ ప్రోగ్రాములు ఫైళ్లలోకి రాస్తున్న సమయంలో నకలు తీస్తే సగం రాసిన స్థితి నకలవుతుంది. స్నాప్‌షాట్ అన్ని ఫైళ్లనూ ఒకే క్షణంలో నిలుపుతుంది గనుక నష్టాన్ని తగ్గిస్తుంది గాని, ఆ క్షణానికి ప్రోగ్రాము తన లెక్క పూర్తి చేసుకుందో లేదో దానికి తెలియదు. అందువల్ల ప్రోగ్రాము స్వయంగా ఇచ్చే బ్యాకప్‌ను ముందు తీసి, దాన్ని నాస్‌లో పెట్టి, ఆ తర్వాత దూరానికి పంపాలన్న పాత సలహాకు కాలదోషం పట్టలేదు.

క్లౌడ్ అనే మూడో పక్షం

2006లో అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ నిల్వ సేవ మొదలైనప్పటి నుంచి, రెండో శాఖలో పెట్టె కొని దాని కరెంటూ డిస్కులూ చూసుకునే బదులు నెలకింత అద్దె కట్టడం మేలనే వాదం బలపడింది. ముంబయిలో 2016లో, హైదరాబాదులో 2022లో ఆ సంస్థ డేటా సెంటర్లు ప్రారంభించడంతో నకలు దేశంలోనే ఉండాలనుకునే వారి అభ్యంతరం కూడా తీరింది. మరోవైపు, అద్దె సేవ యజమాని నిర్ణయం మీద ఆధారపడుతుందని క్రాష్‌ప్లాన్ ఉదంతం తెలియజెప్పింది. తన క్లౌడ్ సేవతో పాటు ఒకరి కంప్యూటరు నుంచి నేరుగా మరొకరి కంప్యూటరుకు ఉచితంగా నకలు పంపుకునే వీలునూ ఇచ్చిన ఆ సేవ గృహ వినియోగదారుల విభాగాన్ని మూసివేస్తున్నట్టు 2017లో ప్రకటించి 2018లో ముగించింది. డేటా సెంటరు కూడా ఒక భవనమేనన్న సంగతి 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ కేంద్రం ఒకటి తగలబడినప్పుడు బయటపడింది. బ్యాకప్‌ను అదే ప్రాంగణంలో ఉంచుకున్న ఖాతాదారులు రెంటినీ పోగొట్టుకున్నారు.

ఈ మార్గాలను పక్కపక్కన పెట్టి చూస్తే, అద్దం పద్ధతి పని త్వరగా తిరిగి మొదలుపెట్టడంలో అన్నిటికన్నా ముందుంటుంది, పొరపాటునూ దాడినీ ఎదుర్కోవడంలో అన్నిటికన్నా వెనకబడుతుంది. శాఖల మధ్య స్నాప్‌షాట్ల మార్పిడి రెంటిలోనూ బాగుంటుంది గాని ఒకే రకం పెట్టెలకు కట్టుబడాలి. ముక్కల పద్ధతి యంత్రస్వేచ్ఛను, గోప్యతను ఇస్తుంది; మొత్తం డేటాను తిరిగి తెచ్చుకోవాలంటే మాత్రం ఓపిక కావాలి. క్లౌడ్‌కు మొదటి పెట్టుబడి తక్కువ, ఏళ్ల తరబడి అద్దె ఎక్కువ. పైగా కొన్ని సేవలు డేటాను వెనక్కి తీసుకునేటప్పుడు విడిగా రుసుము వసూలు చేస్తాయి.

తీగ ఎంత మోయగలదు

పద్ధతుల గురించిన వాదాలు చాలావరకు లెక్క వేస్తే తేలిపోయేవే. రెండు టెరాబైట్ల డేటాను సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపితే ఎడతెరిపి లేకుండా తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. 100 మెగాబిట్ల వేగంతో 44 గంటలు దాటుతుంది. రోజూ మారేది ఐదు గిగాబైట్లే అయితే అదే 20 మెగాబిట్ల తీగ మీద అరగంట పైచిలుకు చాలు. కాబట్టి మొదటి నకలును రెండు పెట్టెలనూ ఒకే చోట పెట్టి పూర్తిచేసి, తర్వాత ఒకదాన్ని బస్సులోనో కారులోనో రెండో ఊరికి తీసుకెళ్లి, ఇక మీదట తేడాలను మాత్రం తీగ మీద పంపడం అందరూ అంగీకరించే ఆచారమైంది. ఈ లెక్కకు రెండో ముఖం ఒకటుంది. విపత్తు తర్వాత డేటాను వెనక్కి తెచ్చుకునేటప్పుడు వేగాన్ని నిర్ణయించేది దూరపు శాఖ అప్‌లోడే. చాలా సంస్థలు కనెక్షన్ తీసుకునేటప్పుడు ఈ సంగతిని పట్టించుకోవు. అప్పుడు కూడా పెట్టెనే మోసుకురావడం తీగకన్నా త్వరగా ముగుస్తుంది, హైదరాబాదు విజయవాడల మధ్య దూరం సుమారు 270 కిలోమీటర్లే గనుక.

తీగ ఉన్నంత మాత్రాన ఒక పెట్టె మరో పెట్టెను చేరుకోలేకపోవచ్చు. ఐపీవీ4 చిరునామాల కొరత వల్ల పలు ఇంటర్నెట్ కంపెనీలు ఎందరో చందాదారులను ఒకే బహిరంగ చిరునామా వెనక ఉంచుతున్నాయి. సీజీనాట్ అనే ఈ ఏర్పాటులో బయటి నుంచి ఆఫీసులోకి కనెక్షన్ మొదలుపెట్టడం కుదరదు. నెలవారీ అదనపు రుసుముతో స్థిర చిరునామా తీసుకోవడం, ఐపీవీ6 వాడటం, రెండు శాఖలూ బయటికి మొదలుపెట్టిన కనెక్షన్లను మధ్యలో కలిపే వీపీఎన్ పెట్టుకోవడం దీనికి మూడు దారులు. వీపీఎన్ అంటే బహిరంగ ఇంటర్నెట్ మీద రెండు ఆఫీసుల మధ్య నడిచే రహస్య మార్గం. 2020లో లినక్స్ కెర్నెల్‌లో భాగమైన వైర్‌గార్డ్ దాన్ని చిన్న సంస్థలకు కూడా అందుబాటులోకి తెచ్చింది. రౌటరులో ద్వారం తెరిచి నాస్ లాగిన్ పేజీని నేరుగా ప్రపంచానికి చూపించడం నాలుగో దారి. దాన్ని ఎవరు సూచించినా వినకూడదు.

ఎంత దూరం చాలు

నకలు ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్నకు కిలోమీటర్ల లెక్క చెప్పే ప్రమాణాలు చిన్న సంస్థలకు అంతగా పనికిరావు. ఒకే ప్రమాదం రెండు చోట్లనూ తాకుతుందా అన్నదే చూడవలసింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ వంటి ప్రాంతాలు మునిగినప్పుడు అదే నగరంలో ఎత్తైన చోట, పై అంతస్తులో ఉన్న నకలుకు ముప్పు లేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను విశాఖతో పాటు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ దెబ్బతీసి, కరెంటునూ ఫోన్లనూ రోజుల తరబడి నిలిపివేసింది గనుక, విశాఖ ఆఫీసు నకలును విజయనగరంలో పెట్టుకుంటే ఆ రోజుల్లో రెండూ చీకట్లోనే ఉండేవి. వరదకు ఎత్తు ముఖ్యం, తుపానుకు తీరం నుంచి దూరం ముఖ్యం, దొంగతనానికి వేరే భవనమైతే చాలు.

పంపడమా, తెచ్చుకోవడమా

దూరం మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా అధికారం మీద పెట్టి ఉంటే 2014 నుంచి జరిగిన నష్టాల్లో కొన్ని తప్పేవి. 2014 ఆగస్టులో సినాలజీ నాస్‌ల మీద సినోలాకర్, 2021 ఏప్రిల్‌లో క్యూనాప్ పెట్టెల మీద క్యూలాకర్, 2022 జనవరిలో మళ్లీ వాటి మీదే డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు, అంటే ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగే ప్రోగ్రాములు, ఇంటర్నెట్ నుంచి నేరుగా పెట్టెలోకే చొరబడ్డాయి. వీటిలో క్యూలాకర్ దాడి ప్రత్యేకంగా గమనించదగినది. అది వాడుకున్న లోపం బ్యాకప్ కోసం ఇచ్చిన ప్రోగ్రాములోనే ఉంది.

ప్రధాన పెట్టె తన నకలును దూరపు పెట్టెకు పంపే పద్ధతిలో, దూరపు పెట్టె పాస్‌వర్డు ప్రధాన పెట్టెలో దాగి ఉంటుంది. ప్రధాన పెట్టెను చేజిక్కించుకున్నవాడు ఆ పాస్‌వర్డుతోనే దూరంలోని నకళ్లను కూడా చెరిపేయగలడు. దీన్ని తిరగేసి, దూరపు పెట్టే ప్రధాన పెట్టెలోకి చదివే అనుమతితో మాత్రమే వచ్చి నకలు తీసుకువెళ్లేలా చేస్తే, ప్రధాన పెట్టెకు దూరపు పెట్టె మీద ఏ అధికారమూ ఉండదు. చెడిన ఫైళ్లు కొత్త నకలుగా అక్కడికి చేరినా, దూరపు పెట్టె తానే తీసిపెట్టుకున్న పాత స్నాప్‌షాట్లు చెక్కుచెదరవు. తెచ్చుకునే పద్ధతికి అభ్యంతరం లేకపోలేదు: దూరపు పెట్టె ఎవరి చేతికైనా చిక్కితే ప్రధాన డేటా మొత్తం చదవగలుగుతారు, పైగా సాధారణంగా ఎన్‌క్రిప్ట్ చేయని డేటానే అది తీసుకువెళుతుంది. రెండు శాఖలూ ఒకే సంస్థవైనప్పుడు ఈ అభ్యంతరం భరించదగినదే. రెండు సంస్థలు పరస్పరం నకళ్లు దాచుకుంటే మాత్రం భరించరానిది.

ఈ రెంటికీ మధ్యేమార్గంగా, కొత్తవి చేర్చవచ్చు గాని పాతవి చెరపరాదు అనే నిబంధనతో పంపే పద్ధతి వచ్చింది. క్లౌడ్‌లో 2018 నుంచి ఎస్3లో ఉన్న ఆబ్జెక్ట్ లాక్, నిర్ణీత గడువు దాకా ఏ ఫైలునూ చెరపనివ్వదు. బోర్గ్‌లోనూ, రెస్టిక్ సర్వర్‌లోనూ చేర్చడానికి మాత్రమే అనుమతించే స్థితి ఉంది. బోర్గ్ విషయంలో ఒక మెలిక ఉంది: ఆ స్థితిలో దాడి చేసినవాడు ఇచ్చిన చెరిపివేత ఆదేశాలు వెంటనే అమలు కాకపోయినా నమోదై ఉంటాయి గనుక, నిర్వాహకుడు తర్వాత ఎప్పుడో పూర్తి అధికారంతో పాత నకళ్లను శుభ్రం చేసే పని మొదలుపెడితే అవి కూడా అమలైపోతాయి. శుభ్రం చేసేముందు నకళ్ల జాబితా చూడని నిర్వాహకుడు దాడిని తన చేతులతోనే పూర్తిచేసినవాడవుతాడు.

దూరం కన్నా స్వతంత్రత ముఖ్యమనడానికి పెద్ద సంస్థ ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడి డెన్మార్క్ నౌకా రవాణా సంస్థ మెయిర్స్క్ నెట్‌వర్క్‌ను ప్రపంచమంతటా దెబ్బతీసింది. ఉద్యోగుల ఖాతాల వివరాలుండే సర్వర్లు ఒకదాని నకలు మరొకటిగా పలు దేశాల్లో ఉన్నా దాదాపు అన్నీ ఒకేసారి పోయాయి. ఘానాలో కరెంటు పోయినందువల్ల నెట్‌వర్క్‌తో తెగిపోయి ఉన్న ఒక్క సర్వరు మిగిలి, దాని నుంచే ఆ వివరాలు తిరిగి దొరికాయి. వేల కిలోమీటర్ల దూరం చేయలేని పనిని ఒక కరెంటు కోత చేసిపెట్టింది. మూడు నకళ్లు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అని అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ 2000ల దశకంలో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రానికి, తీగతో సంబంధం లేని నకలు ఒకటి ఉండాలనే చేర్పు తర్వాతి కాలంలో వచ్చి కలిసింది ఇటువంటి అనుభవాల వల్లనే.

తాళంచెవి, చట్టం

నకలును ఎన్‌క్రిప్ట్ చేయాలన్న విషయంలో వివాదం లేదు. తాళంచెవి ఎక్కడ ఉంచాలన్నదే వివాదం. అది ప్రధాన పెట్టెలో మాత్రమే ఉంటే పెట్టెతో పాటే పోతుంది, దూరపు పెట్టెలో ఉంటే ఎన్‌క్రిప్షన్ ప్రయోజనమే దెబ్బతింటుంది. తాళంచెవిని కాగితం మీద అచ్చువేసి రెండు కార్యాలయాల బీరువాల్లోనూ ఉంచాలనే మోటు పరిష్కారమే ఇప్పటికీ మేలైనది. 2019 నుంచి ఓపెన్‌జెడ్ఎఫ్ఎస్‌లో ఎన్‌క్రిప్ట్ అయిన డేటాను విప్పకుండానే పంపే వీలు రావడంతో, తాళంచెవి లేని దూరపు పెట్టె కూడా స్నాప్‌షాట్లను భద్రపరచగలుగుతోంది.

భారతదేశంలో కంపెనీల అకౌంట్ల నియమాలు, 2014లోని మూడో నియమం ప్రకారం ఎలక్ట్రానిక్ రూపంలోని లెక్కల పుస్తకాల బ్యాకప్ దేశంలో ఉన్న సర్వర్లలో ఉండాలి. అంతకుముందు నిర్ణీత వ్యవధుల్లో అని ఉన్న మాటను 2022 ఆగస్టు సవరణ రోజూ అని మార్చింది. కంపెనీల చట్టం లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు, జీఎస్టీ చట్టం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచమంటున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు వీలు కల్పించడమే గాక, అవసరం తీరిన వ్యక్తిగత డేటాను చెరిపివేయమంటుంది. చెరపడానికి వీల్లేని నకళ్లను రాన్సమ్‌వేర్ ముప్పు కోరుతుండగా, చెరపగలగడాన్ని ఈ చట్టం కోరుతోంది. లాక్ గడువును నెలల్లోనే ఉంచుకొని, ఏళ్ల తరబడి దాచవలసిన లెక్కల పుస్తకాలను విడి ఫోల్డరుగా, విడి గడువుతో నడపడం ప్రస్తుతానికి ఉన్న సర్దుబాటు.

తేలనివి

చిన్న సంస్థకు పాత నకళ్లు ఎంతకాలం చాలునన్నది ఇంకా తేలలేదు. దాడి జరిగిన సంగతి నెలల తర్వాత బయటపడితే ముప్పై రోజుల స్నాప్‌షాట్లు సరిపోవు. ఒకే కంపెనీ పెట్టెలను రెండు చోట్లా వాడితే ఒకే లోపం రెంటినీ కూల్చగలదనే వాదానికీ, వేర్వేరు కంపెనీలవి వాడితే చూసుకునే మనిషి దొరకడనే వాదానికీ రాజీ కుదరలేదు. ఒకే కంపెనీ పెట్టెలే పెట్టుకున్నా, వేర్వేరు నిర్వాహక ఖాతాలు, తెచ్చుకునే పద్ధతి, నెలకొకసారి తగిలించి తీసేసే యూఎస్‌బీ డిస్కు కలిస్తే రెండు శాఖల సంస్థకు సరిపోతుందని, ఆ మూడో నకలును మోసే ఓపిక లేనివారు ఆబ్జెక్ట్ లాక్ ఉన్న క్లౌడ్‌ను ఆశ్రయించాలని చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలు.

అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చింది తిరిగి తెచ్చుకునే పరీక్ష. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థ పొరపాటున తన ప్రధాన డేటాబేసును చెరుపుకున్నప్పుడు, రోజూ క్లౌడ్‌కు వెళుతున్నాయనుకున్న నకళ్లు అసలు లేవని తేలింది. నకలు తీసే ప్రోగ్రాము విఫలమవుతున్నట్టు హెచ్చరించే ఈమెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల కిందట వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ వారిని కాపాడింది. రోజూ బ్యాకప్ ఉండాలన్న భారతీయ నియమంలో కూడా ఆ బ్యాకప్‌ను తెరిచి చూడాలన్న మాట లేదు. కాబట్టి దూరపు పెట్టె నుంచి ఒక ఫోల్డరును మూడు నెలలకోసారైనా ఖాళీ కంప్యూటరు మీదికి దించి, ట్యాలీలో తెరిచి చూసే బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగించడం ఆ సంస్థ యజమాని చేయవలసిన పని.